గిరిజన సేద్యం విలువ తెలిసిన ప్రొఫెసర్ హైమన్‌డార్ఫ్

మన సంఘం ఈ ప్రత్యేక సంచికను చిన్నకారు రైతు సేద్యానికి కేటాయిస్తున్నదనీ, వ్యవసాయానికి మేలు చేసిన ఒక పెద్దమనిషి జీవితం గురించి వ్రాయమనీ సంపాదకవర్గం వారు నన్ను కోరారు. గోదావరి పేరు చెప్పగానే కాటన్ దొర గుర్తుకు రావడం సహజం. డెల్టా రైతుకు ఆయన చేసిన ఉపకారం చిన్నపిల్లలకు కూడా తెలుసు. అయితే నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం గడిచింది డెల్టాకు చాలా ఎగువన, భద్రాచలం అడవి అంచున, పర్ణశాల చుట్టుపక్కల గూడేలలో. అక్కడికి దగ్గరలో దుమ్ముగూడెం ఆనకట్ట ఉన్నా, అది పందొమ్మిదవ శతాబ్దంలో పడవల రాకపోకల కోసం తలపెట్టిన పథకంలో భాగమే గాని పొలాలకు నీరిచ్చేందుకు కట్టినది కాదు. ఆ పడవల పథకాన్ని కూడా 1871లో ప్రభుత్వం వదులుకుంది. ఆ నేల మీద రైతు బతికింది వాన మీద, అడవి మీద, తన గింజల బుట్ట మీద.

ఆ రైతు సేద్యాన్ని ఓపికగా చూసి, అందులో ఉన్న తెలివిని పుస్తకంలో పెట్టి, ఆ సేద్యం ఎందుకు కూలిపోతున్నదో ప్రభుత్వానికి నివేదికలు వ్రాసి ఇచ్చిన మనిషి మన దేశస్థుడు కాదు. ఆయన పేరు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆదిలాబాద్ వైపు పనిచేసిన మన మిత్రులకు ఆయన పేరు బాగా తెలుసు. ఖమ్మం వైపు వారికి అంతగా తెలియదు. నేను ఆయనను కళ్ళారా చూడలేదు. గ్రామాభివృద్ధి అధికారిగా ఆ ప్రాంతంలో తిరిగే రోజులలో పై అధికారి ఒకరు ఆయన పుస్తకం చదవమని ఇచ్చారు. అప్పటినుంచి ఆయన వ్రాసినవి దొరికినవి దొరికినట్టు చదువుతూ వచ్చాను. రోజూ నేను చూస్తున్న పొలాన్ని ఆ పుస్తకం నాకు మళ్ళీ చూపించింది. అందుకే ఈ వ్యాసం.

వియన్నా నుంచి నాగా కొండలకు

హైమన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఒక కులీన కుటుంబంలో పుట్టారు. వియన్నా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేటు పొందారు. అస్సాం, బర్మా సరిహద్దు కొండజాతుల సామాజిక వ్యవస్థ ఆయన పరిశోధనాంశం. అప్పటికి ఆయన ఆ కొండలను చూడలేదు. గ్రంథాలయంలో కూర్చొని వ్రాసిన సిద్ధాంతవ్యాసం అది. తరువాత లండన్ వెళ్ళి మలినోవ్‌స్కీ అనే ప్రసిద్ధ పండితుని వద్ద చేరారు. ప్రజల గురించి తెలుసుకోవాలంటే వారి ఊళ్ళో నెలల తరబడి ఉండాలి, వారి భాష నేర్చుకోవాలి, వారు తినేది తినాలి అన్నది ఆ గురువు పద్ధతి. దానిని హైమన్‌డార్ఫ్ జీవితాంతం వదలలేదు.

1936లో నాగా కొండలకు వచ్చి ఏడాదికి పైగా నాగాల మధ్య ఉన్నారు. తిరిగి వెళ్ళి 1938లో బెట్టీ బర్నార్డో అనే ఆంగ్ల వనితను వివాహమాడారు. ఆమె ఆ తరువాత సుమారు యాభై సంవత్సరాలు ఆయన ప్రతి ప్రయాణంలోనూ పాలుపంచుకున్నారు. అడవిలో గుడారం వేసినా, కొండమీద గుడిసెలో ఉన్నా, మలేరియా వచ్చినా ఇద్దరూ కలిసే ఉన్నారు. ఆయన గ్రంథాలలో ఆమె శ్రమ చాలా ఉంది.

1939లో దంపతులిద్దరూ మళ్ళీ భారతదేశం వచ్చారు. వచ్చిన కొద్ది రోజులకే రెండవ ప్రపంచయుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది గనుక ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశస్థుడు. నిర్బంధ శిబిరంలో ఉండవలసినవాడే. అయితే ఆయన పాండిత్యం తెలిసిన అధికారులు కొందరు అడ్డుపడి, నిజాం రాజ్యం దాటి వెళ్ళకూడదన్న షరతుతో ఆయనను హైదరాబాద్‌లో ఉండనిచ్చారు. నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ సభ్యుడు థియోడర్ టాస్కర్, ఆయన తరువాత వచ్చిన డబ్ల్యు. వి. గ్రిగ్సన్ ఆయనకు అండగా నిలిచారు. ఆ విధంగా ఒక యుద్ధకాలపు ఆంక్ష మన తెలుగు అడవులకు ఒక పండితుణ్ణి తెచ్చిపెట్టింది.

మొదట 1940లో నల్లమల చెంచుల మధ్య గడిపారు. 1941లో గోదావరి తీరానికి, పాపికొండల కొండరెడ్ల వద్దకు వచ్చారు. ఆ తరువాత ఆదిలాబాద్ గోండుల వద్దకు వెళ్ళారు. చెంచుల మీద 1943లోను, కొండరెడ్ల మీద 1945లోను, రాజ్‌గోండుల మీద 1948లోను మూడు పెద్ద గ్రంథాలు వెలువడ్డాయి. వీటిలో మన ప్రాంతానికి సంబంధించినది రెండవది.

ఏటికి ఇరువైపులా రెండు రాజ్యాలు

అప్పటి సరిహద్దులు ఈనాటి పిల్లలకు తెలియవు గనుక చెప్పాలి. పర్ణశాల గోదావరికి ఎడమ గట్టున ఉంది. 1941లో అది మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి ఏజెన్సీ, భద్రాచలం తాలూకా. అది ఖమ్మం జిల్లాలో చేరింది 1959లో. ఏరు దాటి కుడి గట్టుకు వెళితే నిజాం రాజ్యం, వరంగల్ జిల్లా, పాల్వంచ సంస్థానం. ఇటు కోయవారు, అటూ కోయవారే. దిగువకు పోయేకొద్దీ రెండు గట్ల కొండల మీదా కొండరెడ్లు. చుట్టరికాలు ఏటికి అడ్డంగా ఉండేవి. చట్టాలు మాత్రం ఏటి మధ్యన ఆగిపోయేవి.

మద్రాసు వైపు 1917లోనే ఏజెన్సీ భూముల చట్టం వచ్చింది. ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదని, వడ్డీకి హద్దు ఉండాలని అందులో ఉంది. అమలు ఎంత అన్నది వేరే మాట. నిజాం వైపు ఆ మాత్రం రక్షణ కూడా లేదు. హైమన్‌డార్ఫ్ నివసించినది నిజాం వైపు గట్టున. కొయిదా, కాకిస్‌నూరు, పేరంటపల్లి వంటి ఊళ్ళు ఆయన గ్రంథంలో కనిపిస్తాయి. ఒకే జాతి, ఒకే సేద్యం, రెండు రకాల పాలన కళ్ళెదుట ఉండడం వల్ల, మనిషి కష్టానికి కారణం అతని సేద్యమా, లేక అతనిపై ఉన్న ఏలుబడా అని పోల్చి చూసే వీలు ఆయనకు కలిగింది.

పోడులో ఆయన చూసిన లెక్క

అప్పటి అటవీ అధికారులకు, ఆ మాటకొస్తే మా కాలపు అధికారులలో చాలామందికి కూడా, పోడు అంటే అడవిని తగలబెట్టి నాలుగు గింజలు చల్లే సోమరి సేద్యం. హైమన్‌డార్ఫ్ ఏడాది పొడుగునా జరిగే పనులను వరుసగా వ్రాసుకున్నారు. చలికాలం చివరినుంచి వేసవి వరకు చెట్లు, పొదలు నరకడం. ఎండిన తరువాత తొలకరికి ముందు కాల్చడం. వాన పడగానే బూడిద మీద చిన్న గింజలు చల్లడం, కొస చెక్కిన కర్రతో గుంటలు చేసి జొన్న వంటి పెద్ద గింజలు వేయడం. కలుపు తీయడం. గింజ పాలుపోసుకున్న దగ్గరనుంచి మంచె మీద పడుకొని అడవిపందుల నుంచి, పక్షుల నుంచి కాపాడుకోవడం. ఏటవాలు కొండమీద నాగలి పెట్టి దున్నితే మొదటి పెద్ద వానకే మట్టి కొట్టుకుపోతుంది. కర్రతో గుంట చేస్తే నేల కదలదు. మొద్దులు, వేళ్ళు అలాగే ఉంటాయి గనుక రైతు వదిలిపెట్టిన తరువాత అడవి మళ్ళీ చిగురిస్తుంది. ఒక చెక్కలో రెండు మూడు పంటలు తీసి మరొక చెక్కకు పోవడం, మొదటి చెక్కను పది పన్నెండేళ్ళు అడవికి వదిలేయడం పాత ఆచారం.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకే చెక్కలో ఎన్నో పైర్లు వేయడం. పర్ణశాల వైపు కోయ పొలాలలో నేను స్వయంగా లెక్కపెట్టిన వాటిని ఇక్కడ చెబుతాను. సామ, కొర్ర, జొన్న, సజ్జ, బుడమ వడ్లు, కంది, బొబ్బర్లు, అనుములు, చిక్కుడు, గుమ్మడి, సొర, గట్టు మీద ఆముదం, గోగు. కోయవారు కొండరెడ్లకంటె ముందే నాగలి పట్టినవారు. దిగువన చదును నేలలో ఎడ్లతో దున్నుతారు, మెరకన పోడు కొడతారు. అయినా కలగలుపు పైరు అనే సూత్రం ఇద్దరిదీ ఒకటే.

దీనివల్ల లాభం ఏమిటి? మొక్కజొన్న కండెలు, కొర్ర, సామ వర్షాకాలం ముగియకముందే చేతికి వస్తాయి. జొన్న చలికాలంలో వస్తుంది. కంది ఇంకా ఆలస్యంగా వస్తుంది. కోత ఒక్కసారి కాక ఐదారు నెలలపాటు కొంచెం కొంచెంగా వస్తుంది. తొలకరి తప్పినా మలివాన ఆదుకుంటుంది. మలివాన తప్పితే అప్పటికే సామ గాదెలో ఉంటుంది. పురుగు ఒక పైరును తింటే పక్క పైరు దానికి రుచించదు. కంది, బొబ్బర వంటివి నేలకు బలమిస్తాయని వ్యవసాయ శాస్త్రం చెబుతుంది. ఎకరానికి ఎన్ని బస్తాలు అని అడిగితే ఈ సేద్యం ఓడిపోతుంది. ఏడాదిలో ఎన్ని నెలలు ఇంట్లో తిండి ఉంది అని అడిగితే గెలుస్తుంది. నా ఉద్యోగంలో నేను నింపిన ఫారాలలో మొదటి ప్రశ్నకే గడి ఉండేది.

పొలం అయిపోయిన తరువాత అడవి ఉంది. ఎండాకాలంలో జీలుగు కల్లు కొండరెడ్లకు ఎంత ఆధారమో హైమన్‌డార్ఫ్ వివరంగా వ్రాశారు. అది మత్తు కోసం తాగే పానీయం అనుకునేవారికి, కొన్ని వారాలపాటు అదే వారి ఆహారంలో పెద్ద భాగమని తెలియడం ఆశ్చర్యం కలిగిస్తుంది. జీలుగు చెట్టు దవ్వలో పిండి ఉంటుంది, కరువు రోజుల్లో దానిని తీసి వండుకుంటారు. మామిడి టెంకలోని జీడిని నీళ్ళలో నానబెట్టి వగరు పోగొట్టి అంబలి కాస్తారు. చింతపండు, ఇప్పపువ్వు, అడవి దుంపలు సరేసరి. అంటే సేద్యం, అడవి రెండూ కలిసి ఒక సంసారం. ఒకటి తీసేస్తే రెండవది నిలవదు.

పండుగలు కూడా ఈ సేద్యంలో భాగమే. కోయవారికి విత్తనాల పండుగ, పచ్చ పండుగ, చిక్కుడు కొత్త ఉన్నాయి. పండుగ చేయకుండా కొత్త పంట నోట పెట్టరు. మా రోజుల్లో దీనిని మూఢనమ్మకం అనేవారు. నాకు అర్థమైనంత వరకు, పూర్తిగా పండకముందే ఆకలికి తాళలేక కోసుకోకుండా ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టుబాటు అది. విత్తనాల పండుగనాడు ప్రతి ఇంటినుంచి గింజలు తెచ్చి ఒకచోట కలపడం నేను చూశాను. ఎవరి ఇంట్లో విత్తనం పాడైపోయినా ఆ రోజుతో అది అందరికీ తెలిసిపోతుంది, ఇరుగు పొరుగు సర్దుతారు.

ఆకలికి అసలు కారణం

ఇంత తెలివైన సేద్యం ఉండగా కొండరెడ్లు ఎందుకు డొక్కలు మాడ్చుకున్నారు? దీనికి హైమన్‌డార్ఫ్ ఇచ్చిన సమాధానమే ఆయన పనిలో అతి విలువైన భాగమని నా అభిప్రాయం. గోదావరి మీదుగా కలప, వెదురు దిగువకు తరలించే వ్యాపారం ఆ రోజుల్లో బాగా సాగేది. కంట్రాక్టర్లు కొండరెడ్లకు ముందుగా కొంత ధాన్యమో, బట్టో, రొక్కమో ఇచ్చేవారు. దానికి బదులు కూపులలో నరకాలి, దుంగలు ఏటి ఒడ్డుకు చేర్చాలి. లెక్క షావుకారు పుస్తకంలో ఉండేది. రెడ్డికి చదువు రాదు. ఎంత పనిచేసినా బాకీ తీరదు. తండ్రి పోతే కొడుకు మీద పడుతుంది.

బాకీకంటె ఘోరమైనది ఇంకొకటి ఉంది. కంట్రాక్టరు పిలిచే కాలం, పోడు పిలిచే కాలం ఒక్కటే. చెట్లు నరికి ఎండబెట్టుకోవలసిన రోజుల్లో రైతు పరుల కలప నరుకుతున్నాడు. విత్తనం వేయవలసిన రోజుల్లో, కలుపు తీయవలసిన రోజుల్లో కూపులో ఉంటున్నాడు. ఇంటిల్లిపాదీ చేయవలసిన పనిని ఆడవాళ్ళు, ముసలివాళ్ళు చేసినంత చేస్తారు. పోడు చెక్క చిన్నదైపోతుంది. గాదె త్వరగా ఖాళీ అవుతుంది. మళ్ళీ షావుకారు దగ్గర అప్పు. ఇది గుండ్రంగా తిరిగే గానుగ. రెడ్డి బీదతనం అతని పోడులోనుంచి రాలేదు, అతని కాలం అతని చేతిలో లేకపోవడంలోనుంచి వచ్చింది. ఈ సంగతిని హైమన్‌డార్ఫ్ పాల్వంచ సంస్థానం కొండరెడ్ల గురించిన తన నివేదికలో నిజాం ప్రభుత్వం ముందుంచారు. పేరంటపల్లిలో ఆశ్రమం పెట్టుకొని రెడ్ల పక్షాన నిలిచిన స్వామి ఒకరు ఉండడం వల్ల ఆ ఊరి పరిస్థితి కొంత మెరుగ్గా ఉన్న సంగతి కూడా ఆయన గమనించారు. ఒక్క మనిషి గట్టిగా నిలబడితే ఒక ఊరి సేద్యం నిలుస్తుందనడానికి అది నిదర్శనం.

ఆయన పోడును గుడ్డిగా సమర్థించారని ఎవరూ అనుకోకూడదు. అడవి రిజర్వు అయి, జనం పెరిగి, పన్నెండేళ్ళ విశ్రాంతి మూడు నాలుగేళ్ళకు కుదించుకుపోతే ఏ కొండా తట్టుకోలేదు. చదును నేల ఉన్నచోట గిరిజనునికి పట్టా, ఎడ్లు ఇచ్చి నాగలికి అలవాటు చేయడం, చదును నేల లేనిచోట పోడును కట్టడిలో సాగనివ్వడం, రెండుచోట్లా అప్పునుంచి రక్షించడం, ఇదే ఆయన దారి అని వ్రాసినవన్నీ చదివాక నాకు అర్థమైంది.

ఆదిలాబాద్‌లో ఆచరణ

మాటలు ఆచరణలోకి వచ్చింది ఆదిలాబాద్‌లో. 1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీమ్ పోలీసుల కాల్పులలో నేలకొరిగిన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం ప్రభుత్వానికి కలిగింది. హైమన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకొని ఉన్నారు. ఆయన గోండీ భాష నేర్చుకున్నారు. భీమ్ పోరాటానికి మూలం భూమి అని తేల్చారు. గోండులు తరతరాలుగా దున్నుతున్న నేలకు కాగితం లేదు. రిజర్వు అడవి గీతలు గీసినప్పుడు పొలాలు, గూడేలు కూడా ఆ గీతల లోపల పడిపోయాయి. మిగిలిన మంచి నేలకు బయటనుంచి వచ్చినవారు పట్టాలు చేయించుకున్నారు.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. పట్టా కాగితం చదవగలిగినవాడే పట్టాను నిలుపుకోగలడన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. 1944, 45లలో కొంతకాలం ఈశాన్య సరిహద్దులో ప్రత్యేకాధికారిగా పనిచేసి వచ్చిన తరువాత, నిజాం ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన వర్గాల సలహాదారుగాను, ఉస్మానియాలో ప్రొఫెసర్‌గాను నియమితులయ్యారు. 1946లో గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. భూములు కొలిచి, గోండు, కొలాం కుటుంబాలకు పట్టాలిచ్చే పని పెద్ద ఎత్తున జరిగింది. ఆ కొద్ది సంవత్సరాలలో లక్ష ఎకరాలకు పైగా గిరిజనుల పేరున నమోదైంది. మన రెవెన్యూ మిత్రులకు తెలుసు, ఆ రోజుల్లో గొలుసు పట్టుకొని అడవిలో తిరిగి ఇంత భూమి కొలవడం ఎంత పనో. అందులో పేరు లేని గిర్దావర్లు, పట్వారీలు, ఉపాధ్యాయులు ఎందరో ఉన్నారు. ఒక పండితుని సూచన చిన్న ఉద్యోగుల చేతుల మీదుగానే రైతు ఇంటికి చేరింది.

ఇతర కొండలు, అదే పాఠం

1949లో ఆయన లండన్ విశ్వవిద్యాలయపు ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరి, 1951లో ప్రొఫెసరై, 1976లో పదవీ విరమణ చేశారు. ఈ మధ్యకాలంలో ఎక్కువగా నేపాల్ మీద కృషి చేశారు. అంతకుముందు అరుణాచల్ ప్రాంతంలో జిరో లోయ అపతానీలను చూశారు. వారు నాగలి, ఎడ్లు లేకుండానే చేతి పనిముట్లతో, కాలువలు కలిసి బాగుచేసుకుంటూ, చిన్న చిన్న మడులలో వరి పండిస్తారు. నేపాల్‌లో షెర్పాలకు పందొమ్మిదవ శతాబ్దంలో బంగాళాదుంప అందిన తరువాత వారి బతుకు ఎలా తేరుకున్నదో, మిగిలిన సంపాదనతో మఠాలు ఎలా కట్టుకున్నారో వ్రాశారు. చిన్న రైతు కొత్తదానిని కాదనడు. తన నేలకు, తన పొట్టకు సరిపోతే అందిపుచ్చుకుంటాడు. ఎంపిక అతనిదై ఉండాలి, అంతే.

పదవీ విరమణ తరువాత ఆయన విశ్రాంతి తీసుకోలేదని పెన్షనర్లమైన మనం ప్రత్యేకంగా గమనించాలి. 1976 నుంచి కొన్ని సంవత్సరాలు మళ్ళీ ఆంధ్రప్రదేశ్ గిరిజన ప్రాంతాలన్నీ తిరిగారు. ముప్పై ఐదేళ్ళ కిందట తాను చూసిన కుటుంబాలు ఎలా ఉన్నాయో పోల్చి చూసి 1982లో భారతీయ గిరిజనుల మనుగడ పోరాటం మీద ఒక గ్రంథం ప్రచురించారు. అందులో సంతోషం తక్కువ. తాను దగ్గరుండి ఇప్పించిన భూములు చాలాచోట్ల చేతులు మారాయి. 1959 భూబదలాయింపు నిబంధన, దానిని గట్టిపరచిన 1970 నాటి ఒకటవ నిబంధన, అంటే మనమందరం ఒన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది, కాగితం మీద బాగున్నా నేలమీద నీరుగారిపోయాయని ఆయన చూశారు. ఖమ్మం జిల్లా కోయల భూములు కూడా అలాగే జారిపోతున్నాయని ఆయన ఆ గ్రంథంలో చెప్పారు.

పర్ణశాల వైపు నేను చూసినది

ఆ జారిపోవడాన్ని నేను నా కళ్ళతో చూశాను. గోదావరి ఒడ్డు ఒండ్రు నేలల్లో పొగాకు, ఆ తరువాత మిరప, పత్తి వచ్చాయి. కౌలు పేరుతో, అప్పు పేరుతో, కొన్నిచోట్ల చుట్టరికం పేరుతో సేద్యం చేతులు మారింది. పట్టా పుస్తకంలో పేరు కోయవానిదే ఉంటుంది, తన పొలంలో అతను కూలికి పోతాడు.

1986 ఆగస్టు 16న భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. వరద తీసిన తరువాత నష్టం జాబితాలు వ్రాయడానికి మమ్మల్ని పంపారు. ఏటి ఒడ్డున ఒకే పైరు వేసినవారి చేతికి ఏమీ మిగలలేదు. అదే ఊరిలో దిగువన వరిమడి, మెరకన జొన్న, కంది, సామ ఉన్న కుటుంబాలు కూడా వరి పోగొట్టుకున్నాయి. కాని సహాయపు బియ్యం అయిపోయే సరికి వారి ఇంటికి సామలు వచ్చాయి. చలికాలంలో జొన్న వచ్చింది. మా జాబితాలో రెండు కుటుంబాలనూ నష్టపోయినవారి కిందే వ్రాశాము. మరుసటి ఏడాది అప్పు పుస్తకంలో మాత్రం ఒకరి పేరే ఎక్కింది. కలగలుపు సేద్యం విలువ గురించి నాకు ఇంతకంటె రుజువు అవసరం లేదు. 2022 జులైలో మళ్ళీ 71.3 అడుగుల వరద వచ్చినప్పుడు, ఆ మెరక పొలాలలో ఇప్పుడు ఎన్ని సామ చేలుగా మిగిలాయో, ఎన్ని పత్తి చేలయ్యాయో అని ఆలోచించాను. పత్తికి ధర పలికిన ఏడాది చేతిలో రొక్కం ఆడుతుంది, పిల్లల చదువుకు పనికొస్తుంది. అందుకు రైతును తప్పుపట్టలేము. అయితే విత్తనం, ఎరువు, పురుగుమందు మూడూ ఒకే దుకాణంలో అరువు తెచ్చి, పంటను ఆ దుకాణానికే తోలితే, అది పాత కంట్రాక్టరు లెక్కపుస్తకమే. అట్ట మాత్రం మారింది.

మంచి కూడా జరిగింది, చెప్పకపోతే పాపం. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న అటవీ భూమిపై గిరిజనునికి గరిష్ఠంగా నాలుగు హెక్టార్ల వరకు హక్కు ఇవ్వాలన్నది. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంపిణీ చేసింది. అదే సంవత్సరాన్ని మన దేశం ప్రతిపాదనపై ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. కోయ ఇంటి సామలు, కొర్రలు నగరంలో మందుల చీటీ మీదికెక్కాయి. మనలో చాలామంది చక్కెర వ్యాధివారం ఇప్పుడు అవే కొనుక్కొని తింటున్నాము.

మరొక వైపు, హైమన్‌డార్ఫ్ నివసించిన కొయిదా, కాకిస్‌నూరు, పేరంటపల్లి పోలవరం ముంపు పరిధిలోకి వచ్చాయి. 2014లో ఆ ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. పునరావాస కాలనీలో ఇల్లు ఇవ్వవచ్చు, భూమికి బదులు భూమి కూడా ఇవ్వవచ్చు. జీలుగు చెట్టును, మామిడి తోపును, ఏ కొండమీద ఏ గింజ పండుతుందో తెలిసిన జ్ఞానాన్ని ఎక్కడ ఇస్తాము? ఆ జ్ఞానంలో కొంత భాగమైనా 1945 నాటి ఆ గ్రంథంలో నిలిచి ఉండడం మన అదృష్టం.

మార్లవాయి మట్టిలో

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూశారు. గోండుల ఆచారం ప్రకారం మార్లవాయిలో ఆమెను సమాధి చేశారు. హైమన్‌డార్ఫ్ 1995 జూన్‌లో లండన్‌లో మరణించారు. తరువాతి కాలంలో ఆయన అస్థికలను కూడా తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న గోండులు అక్కడ చేరి దంపతులిద్దరికీ నివాళి అర్పిస్తారు.

పెన్షనర్ మిత్రులకు చివరగా ఒక విన్నపం. మనలో వ్యవసాయ, రెవెన్యూ, అటవీ, విద్యాశాఖలలో ఏజెన్సీలో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. ఏ గూడెంలో ఏ విత్తనం ఉండేది, ఏ పండుగకు ఏ పంట కోసేవారు, ఏ సర్వే నంబరు అసలు ఎవరిది అన్న సంగతులు మన జ్ఞాపకంలో ఉన్నాయి. మనం పోతే అవీ పోతాయి. ఒక చిన్న నోటుపుస్తకంలో వ్రాసి పిల్లల చేతికో, దగ్గరి కళాశాల గ్రంథాలయానికో ఇవ్వండి. చదవడం వచ్చిన మనవలు ఉంటే, పట్టా హక్కు కోసం తిరిగే ఒక గిరిజన కుటుంబానికి అర్జీ వ్రాసిపెట్టమని చెప్పండి. రైతు చేతిలో తన నేల, తన గింజ, తన కాలం ఉన్నంతవరకు ఆ అడవి అంచు సేద్యం కరువుకూ వరదకూ లొంగదు. ఆ మూడింటిలో ఏది జారిపోతున్నా చూసి కాగితం మీద పెట్టగల చదువు మనకు ఉంది. ఆ పనికి పదవీ విరమణ వయసు లేదు.